లేని పిట్టల లెక్క



జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా నిజామాబాదు జిల్లా ఆర్మూరు చుట్టుపక్కల ఏ కల్లం చూసినా ఒకటే రంగు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు. సరుకు చూడవచ్చిన ఖరీదుదారు రాశి మొత్తం తిరగేయడు. ఒక కొమ్ము చేతిలోకి తీసుకుని విరుస్తాడు. ఠంగుమని విరిగితే ఎండింది, సాగుతూ వంగితే ఇంకా తేమ ఉంది. విరిగిన చోట లోపలి రంగు చూస్తాడు. అంతే, ధర మనసులో కుదిరిపోతుంది. అతనికి పసుపు గురించి తెలిసింది ఆ రెండు గుర్తులే అనుకుంటే పొరపాటు. తెలిసిన వంద సంగతుల్లో ఈ పూట ఏవి అక్కర్లేదో కూడా అతనికి తెలుసు, అసలు పనితనం అక్కడుంది. పిట్టల పుస్తకం ఎంచుకోవడానికీ అదే పనితనం కావాలి. పిట్టల్ని చూడటానికి ఊళ్లు తిరిగేవాళ్లు సంచిలో ఒక గుర్తింపు పుస్తకం పెట్టుకుంటారు. దాన్నే ఫీల్డ్ గైడ్ అంటున్నాం. అంగట్లో అలాంటి పుస్తకాలు అరడజను కనిపిస్తే దేన్ని కొనాలన్నది ఈ రోజు ప్రసంగ విషయం. చాలామంది, ఎన్ని పిట్టలు ఉంటే అంత మంచి పుస్తకం అనుకుంటారు. నా వాదన దీనికి అడ్డంగా నడుస్తుంది. ప్రయాణంలో పనికొచ్చే పుస్తకం, మన ఎదుట ఉన్న పిట్ట ఏది కాదో తొందరగా చెప్పే పుస్తకం. అందులో ఉన్న పిట్టల కంటే, లేని పిట్టల లెక్క ముఖ్యం.

ఎందుకో చూద్దాం. రిచర్డ్ గ్రిమెట్, ఇన్‌స్కిప్ దంపతులు కలిసి 1998లో భారత ఉపఖండపు పక్షుల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. మరుసటి ఏడే దాన్ని కుదించి జేబు పుస్తకంగా కూడా వేశారు. ఉపఖండంలోని 1,300 పైచిలుకు జాతులూ అందులో ఉన్నాయి. మన దేశంలో పక్షుల్ని చూసేవాళ్లకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. కానీ తెలంగాణ మొత్తం మీద ఇంతవరకు నమోదైనవి 400 పైచిలుకు జాతులు. అంటే ఆర్మూరు బస్టాండులో దిగినవాడి చేతిలోని ఆ పుస్తకంలో మూడింట రెండు వంతుల పిట్టలు ఇటు తొంగి కూడా చూడవు. హిమాలయాల పికిలిపిట్టలు, అస్సాం అడవుల చిన్నారి పిట్టలు, అండమాను పావురాలు, అన్నీ ఆ అట్టల మధ్యే ఉన్నాయి. అనుభవం ఉన్నవాడు వాటిని దాటేసుకుంటూ పోతాడు. కొత్తవాడికి ఆ దాటవేత చేతకాదు. పేజీ తిప్పేకొద్దీ ప్రతి గోధుమరంగు పిట్టా తాను చూసిన పిట్టలాగే కనిపిస్తుంది, చివరికి బొమ్మ బాగున్నదాన్ని ఖాయం చేసుకుంటాడు. ఈలోగా అసలు పిట్ట ఎగిరిపోతుంది. ఆ రచయితల్లోనే ఇద్దరు, గ్రిమెట్, టిమ్ ఇన్‌స్కిప్, 2005లో దక్షిణ భారత పక్షులకు విడిగా ఒక చిన్న పుస్తకం తెచ్చారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా దాని పరిధిలోకి వస్తుంది కాబట్టి నిజామాబాదు జిల్లా కూడా వచ్చినట్టే. బొమ్మల పద్ధతి అదే, మాట తీరు అదే. తీసేసినవి మాత్రం చాలా ఉన్నాయి. ఆ తీసేయడానికే డబ్బు ఇవ్వాలని నేనంటాను.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఆర్మూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఉంది. ఆ రోడ్డంతా పోయేవాడి సంగతేమిటి? అతనికి పెద్ద పుస్తకమే కావాలి, దాపరికం ఏముంది. కాని ఆర్మూరు నుంచి పోచంపాడు దాకా, లేదా నిజాంసాగర్ దాకా పోయి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు కాశ్మీరు పిట్టల్ని ఎందుకు మోయాలి? ప్రయాణం ఎంత పొడవో పుస్తకం అంత లావు ఉంటే చాలు. మనవాళ్లు పెళ్లికి పోతూ పెట్టె సర్దినట్టు పుస్తకం కొంటారు, ఎందుకైనా మంచిదని. పిట్టల విషయంలో ఆ ‘ఎందుకైనా’ తోనే తిప్పలన్నీ.

చలికాలంలో శ్రీరాంసాగర్ వెనుక జలాలు తగ్గి బురద తేలిన చోట నిలబడితే ఈ సంగతి కళ్లకు కడుతుంది. నీటి అంచున పిడికెడంత గోధుమరంగు పిట్టలు ముక్కులతో బురద పొడుస్తూ తిరుగుతుంటాయి. తెలుగులో ఉల్లంకులంటాం. వీటిలో మన చెరువుల మీద తరచుగా తారసపడేవి మూడు రకాలు. వాటి ఇంగ్లీషు పేర్లు కామన్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్. మొదటిది నిలబడ్డంతసేపూ వెనుక భాగాన్ని కిందికీ పైకీ ఆడిస్తూనే ఉంటుంది. రెక్క మొదట్లో, భుజం ముందు, పొట్టమీది తెలుపు ఒక చీలికలా పైకి ఎక్కి ఉంటుంది. ఎగిరితే నీటిని రాసుకుంటూ, రెక్కలు బిగబట్టి పోతుంది. రెండోది నిలబడితే ముదురు రంగే, లేచి ఎగిరినప్పుడు మాత్రం తోక మొదలు తెల్లగా మెరుస్తుంది, రెక్కల అడుగు నల్లగా ఉంటుంది. మూడోదానికి వీపంతా తెల్లని చుక్కలు, కంటిమీద స్పష్టమైన తెల్లని కనుబొమ గీత, రెక్కల అడుగు లేత రంగు. ఇంతే తేడా. ఈ మూడూ ఒకే పేజీలో, ఒకే కొలతలో, ఒకే వైపు తిరిగి, ఎగురుతున్న బొమ్మలతో సహా పక్కపక్కనే ఉంటే అర నిమిషంలో తేలిపోతుంది. వీటి మధ్యలో ఇక్కడికి దాదాపు రాని మరో పది రకాలు చేరితే అరగంటైనా తేలదు. కాబట్టి దుకాణంలో పుస్తకం చేతికి వచ్చినప్పుడు ముందుమాట చదవకండి, నేరుగా ఉల్లంకుల పేజీ తీయండి. మూడూ ఒక్క చూపులో కనబడుతున్నాయా? వాటి వివరం ఎదుటి పేజీలోనే ఉందా, లేక వెనుక ఎక్కడో 200 పేజీల అవతల ఉందా? బొమ్మ పక్కనే ఆ పిట్ట ఎక్కడెక్కడ ఉంటుందో చూపే పటం ఉందా? ఎగిరే బొమ్మ వేశారా? ఈ ఒక్క పేజీ పుస్తకం మొత్తం జాతకం చెప్పేస్తుంది. కొమ్ము విరిచి చూడటమంటే ఇదే.

బొమ్మలా, ఫోటోలా అన్నది తరువాతి తగాదా. ఫోటో అబద్ధం చెప్పదు, బొమ్మ మనిషి గీసినది కదా అంటారు. వినడానికి బాగానే ఉంది. మన రాష్ట్ర పక్షి పాలపిట్టనే తీసుకోండి. దసరా నాడు జమ్మి చెట్టుకు పోతూ పాలపిట్ట కనబడాలని కోరుకునే మనకు దాని నీలిరంగు తెలియనిదా? అయితే కరెంటు తీగమీద రెక్కలు ముడుచుకుని కూర్చున్న పాలపిట్టను వెనుక నుంచి ఎండ కొడుతుండగా చూస్తే అది మట్టిరంగు పిట్ట. రొమ్ముమీద లేత చారలు, తల పెద్దది, అంతే. లేచి ఎగిరిన క్షణంలో రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలుగా విచ్చుకుంటాయి. ఫోటో ఈ రెండింటిలో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది, ఆ నాటి వెలుతురుతో, ఆ నాటి నీడతో సహా. చిత్రకారుడు కూర్చున్న పిట్టనూ ఎగురుతున్న పిట్టనూ పక్కపక్కన పెడతాడు. ఆడ మగ తేడా ఉంటే రెండూ వేస్తాడు, పిల్లపిట్టను కూడా వేస్తాడు. వర్షాకాలంలో గూడు అల్లే మగ గిజిగాడు తలమీద పసుపు పూసుకున్నట్టు ఉంటుంది. అదే మగది చలికాలంలో ఊరపిచ్చుక ఆడదానిలా వెలిసిపోతుంది. ఒక్క ఫోటో ఉన్న పుస్తకం పట్టుకుని డిసెంబరులో జొన్న చేను గట్టున నిలబడ్డవాడికి అది గిజిగాడని ఎవరు చెప్పాలి? ఫోటోల పుస్తకాలు ఇంట్లో సోఫామీద చూసుకోవడానికి అందంగా ఉంటాయి, కాదనను. బొమ్మల్లోనూ ఒక చిక్కుంది. అచ్చులో రంగులు జారతాయి. ఒక ముద్రణలో నిమ్మపండు రంగున్న పిట్ట మరో ముద్రణలో నారింజకు తిరుగుతుంది. పసుపులో పది రకాల పసుపును వేరు చేయగలిగిన ఊరివాళ్లకు ఈ తేడా చెప్పాల్సిన పని లేదు. బాగా తెలిసిన ఒక పిట్ట, గోరింకో పాలపిట్టో, దాని బొమ్మ తీసి పగటి వెలుతురులో చూస్తే ఆ ప్రతిలో రంగులు నమ్మవచ్చో లేదో తెలిసిపోతుంది.

మన దేశంలో ఈ సంప్రదాయానికి పునాది వేసినవారు సలీం అలీ. ఆయన 1931-32లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాదు సంస్థానమంతా పక్షుల సర్వే చేశారు. అప్పటి పద్ధతిలో సర్వే అంటే తుపాకితో కొట్టి, చర్మం ఒలిచి, పెట్టెలో పెట్టి, బల్లమీద పోల్చి చూడటం. అమెరికాలో 1934లో రోజర్ టోరీ పీటర్సన్ ఒక చిన్న పుస్తకంతో ఈ వ్యవహారాన్ని తిరగేశాడు. దూరం నుంచే కనబడే ఒకటి రెండు ముఖ్య గుర్తుల్ని పట్టి చూపి, పిట్టను చంపకుండానే పేరు చెప్పవచ్చన్నాడు. సలీం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ 1941లో వచ్చింది. 2002 నాటి 13వ ముద్రణలో కూడా అందులో ఉన్నవి 538 జాతులే. ఉపఖండం మొత్తం ఇందులో లేదు కదా అని దాన్ని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. నాకు అందులో నచ్చేది ఆ వదిలేయడమే. ఇంకొకటి, ఆయన కొలత. ఈ పిట్ట పిచ్చుకంత, ఇది బుల్‌బుల్ కంటే పెద్దది, ఇది గోరింకంత, ఇది కాకి కంటే చిన్నది అని తెలిసిన పిట్టతో తెలియని పిట్టను కొలుస్తారు. కొత్త పుస్తకాలన్నీ సెంటీమీటర్లలో చెబుతాయి. చెరువు అవతలి గట్టున ఉన్న పిట్టను సెంటీమీటర్లలో కొలిచే కన్ను ఎవరికుంది? మన పెద్దవాళ్లు పాము పొడవును కూడా బారల్లోనే చెప్పారు.

అయితే పాత పుస్తకానికి ఒక పరిమితి ఉంది, అది ఈ జిల్లాలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సలీం అలీ ఈ సంస్థానంలో తిరిగిన నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టడం అప్పుడే పూర్తయింది. గోదావరి మీద శ్రీరాంసాగర్ అసలు లేదు, దానికి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. ఇవాళ బాతులూ ఉల్లంకులూ దిగే ఆ నీటి పరపు ఆ రోజు ఊళ్లూ పొలాలూ. నేల మారితే పిట్టల లెక్క మారుతుంది. కాబట్టి అలవాట్లు, గూళ్లు, కూతల గురించి సలీం అలీని రాత్రి బసలో చదువుకుని, పగలు చేతిలో కొత్త పటాలున్న పుస్తకం పట్టుకోవడం మేలు. పమేలా రాస్ముసెన్, జాన్ ఆండర్టన్ రెండు సంపుటాల్లో 2005లో తెచ్చిన ‘బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా’ లాంటి ఉద్గ్రంథాలు ఇంట్లో బీరువాలో ఉండాల్సినవి. అనుమానం మిగిలిన పిట్టను ఇంటికి తిరిగొచ్చాక వాటి ముందు పెట్టవచ్చు.

ఇంతా విని, ఈ కాలంలో పుస్తకం ఎందుకండీ, ఫోనుంది కదా అంటారు. అనవలసిన మాటే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధన శాల తయారుచేసిన మెర్లిన్ అనే యాప్ ఉచితం. ప్రాంతానికి తగిన ప్యాక్ ముందుగా దింపుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. 2021 నుంచి పిట్ట కూత విని పేరు కూడా చెబుతోంది. గోదావరి ఒడ్డున సిగ్నల్ ఉండదు కాబట్టి యాప్ దండగ అనే పాత సమాధానం ఇప్పుడు చెల్లదు. పైగా యాప్ నా వాదనకే సాక్ష్యం చెబుతోంది. అది చేసే మొదటి పని, ఈ ఊళ్లో, ఈ నెలలో ఉండే అవకాశం లేని పిట్టల్ని తీసేయడం. చిన్న పుస్తకం చేసేదీ అదే. తేడా ఎక్కడంటే, యాప్ జవాబు చేతికిస్తుంది, ఆ జవాబుకు దారితీసిన పోలికను చూపదు. పుస్తకంలో మూడు ఉల్లంకుల్నీ ఒకసారి పోల్చినవాడు నాలుగోసారి పుస్తకం తెరవడు. యాప్ అడిగినవాడు నలభయ్యోసారి కూడా అడుగుతాడు. కూత సంగతిలో మరో ఇబ్బంది. ఆవుల వీపులమీద సవారీ చేసే పసులపోలిగాడు, అదే నల్ల డ్రోంగో, ఇతర పక్షుల కూతల్ని అచ్చు దింపుతుంది. డేగ కూతను అనుకరించి తోటి పిట్టల్ని హడలగొట్టడం దానికి వెన్నతో పెట్టిన విద్య. యంత్రం డేగ అంటే మనం ఆకాశం వైపు చూస్తాం, వాడేమో తుమ్మ కొమ్మమీద కూర్చుని ఉంటాడు. అందుకని ఫోను వద్దని కాదు, అది పుస్తకం పక్కన ఉండాలి, పుస్తకం స్థానంలో కాదు.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. పుస్తకం ‘ఇక్కడ లేదు’ అన్నది నిజంగా లేదా? పటంలో ఖాళీ చోటంటే అక్కడ పిట్ట లేదని ఒక అర్థం, అక్కడికి పోయి చూసినవాడు లేడని రెండో అర్థం. బెంగళూరు చుట్టూ, కేరళలో ప్రతి చెరువునూ ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లెక్కిస్తున్నారు. నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ చెరువుల మీద అంతమంది కళ్లు లేవు. ‘లేదు’ అనే మాట ఎంత తప్పగలదో చెప్పడానికి తెలుగునేలమీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ 19వ శతాబ్దంలో లోకానికి తెలియజేసిన కలివికోడి 1900 తరువాత శాస్త్రవేత్తల కంటపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, ఒక స్థానిక వేటగాడి సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఎనభై ఏళ్లకు పైగా పుస్తకాలు ఒక మాట, అడవి ఒక మాట. దీన్ని చూపించి, అందుకే అన్ని పిట్టలూ ఉన్న పుస్తకం కావాలని వాదించవచ్చు. నాకు మాత్రం ఆ కథ మరోలా వినిపిస్తుంది. కలివికోడిని దొరకబుచ్చుకున్నది, ఆ పొదల్లో మామూలుగా ఏమేం తిరుగుతాయో కొట్టినపిండి అయిన మనిషి. మామూలు పిట్టలన్నీ తెలిసినవాడికే వింత పిట్ట వింతగా కనబడుతుంది. తెలియనివాడికి ప్రతి ఉల్లంకీ వింతే, కాబట్టి ఏదీ వింత కాదు. చిన్న పుస్తకం ‘ఇది ఇక్కడ ఉండదు’ అన్నప్పుడు తలుపు మూసినట్టు కాదు, రుజువు చూపించమని అడిగినట్టు. తేదీ, చోటు, వెలుతురు, ఎంత దూరం, ఏ గుర్తులు చూశారు, ఏవి చూడలేకపోయారు, ఇవన్నీ అక్కడికక్కడే రాసిపెట్టుకుంటే, వీలైతే ఒక మసక ఫోటో తీసుకుంటే, ఆ రాత్రి పెద్ద పుస్తకం ముందు వాదించవచ్చు.

రాసిపెట్టుకోవడం అన్నాను కాబట్టి భాష సంగతి. ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఇలాంటి జేబు పుస్తకం సులువుగా దొరికే రోజు రావాలి, అది న్యాయమైన కోరిక. జెర్డాన్ 1862-64లో వేసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఇంగ్లీషు పేరు పక్కన తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఆ తరువాత పుస్తకాలు సన్నబడుతూ మన పేర్లను వదిలేశాయి. ఇది మాత్రం మంచి వదిలేయడం కాదు. అంతవరకు ఉపాయం ఒకటే, పెన్సిలు. కొన్న పుస్తకంలో ప్రతి బొమ్మ పక్కన మీ ఊరి పేరు రాయండి. రాస్తూపోతే తమాషాలు బయటపడతాయి. తీతువు అని ఒక్క పేరే పెట్టుకున్నాం, పుస్తకంలో అవి రెండు. కంటి ముందు ఎర్రటి తోలు ఉన్నది నీటి దాపున, పసుపురంగు తోలు వేలాడేది ఎండిన చెలకల్లో. కూస్తే అపశకునమని రెండింటినీ కలిపి తిట్టాం గాని విడదీసి చూడలేదు. ఇంకోవైపు, సలీం అలీ పాత ముద్రణల్లో ‘క్రో-ఫెజెంట్’ అన్న పిట్ట కొత్త పుస్తకాల్లో ‘గ్రేటర్ కౌకల్’ అయింది. జెముడుకాకి మాత్రం జెముడుకాకిగానే ఉంది. ఇంగ్లీషు పేర్లు ముద్రణకొకటి మారుతున్నప్పుడు పెన్సిలుతో రాసుకున్న ఆ తెలుగు పేరే పాత పుస్తకానికీ కొత్త పుస్తకానికీ వంతెన.

చివరగా దూరప్రయాణం. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు లేదు. దుబాయిలోనో షార్జాలోనో పార్కు పక్కన తీగమీద మట్టిరంగు పిట్ట ఒకటి కూర్చుని ఉంటుంది, లేచి ఎగిరితే నీలిపట్టీలు. అది మన పాలపిట్టే, అదే జాతి. ఎమిరేట్స్‌లోనూ ఒమన్‌లోనూ అది కాపురం ఉంటుంది. ఎర్రతోలు తీతువు అక్కడుంది, గోరింక ఉంది, కాకి ఉంది, రామచిలుక ఉంది. ఇన్ని సొంత ఊరి పిట్టలు కనబడితే ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకమే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి వారం సరిపోతుంది కూడా. కానీ అదే పార్కు దాటి ఇసుక మొదలైన చోట, తోక ఆడిస్తూ రాయి మీద నుంచి రాయి మీదికి గెంతే వీటియర్ అనే పిట్టలు నాలుగైదు రకాలుంటాయి. దక్షిణ భారత పుస్తకం వాటిని దాదాపు వదిలేసింది, వదిలేయాల్సిందే మరి. అక్కడికి పోర్టర్, ఆస్పినాల్ 2010లో వేసిన ‘బర్డ్స్ ఆఫ్ ది మిడిల్ ఈస్ట్’ కావాలి. పాత పుస్తకాన్ని పెట్టె అడుగున పెట్టి, పెన్సిలు మాత్రం బయటికి తీసి, కొత్త పుస్తకంలో పాలపిట్ట పేజీ వెతికి, దాని పక్కన మొదటి తెలుగు మాట రాసుకోవచ్చు.